పాత యమహా, ఆయిలు టాంకీ

లాలాగూడ రైల్వే కార్ఖానా పేరు మన చదువరులలో అనేకులు వినియున్నారు. నిజాము రైల్వే కాలమున, 1893లో, అది ఏర్పడెను. ప్రయాణీకుల పెట్టెలు నేటికిని అచ్చట విప్పబడి, బాగుపడి, తిరిగి పట్టాలమీదికి పోవుచున్నవి. చెడిపోయెను గనుక తెచ్చుట కాదు, గడువు వచ్చెను గనుక తెత్తురు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొని క్రింది మాటలు చదువుడి.

గత మాసమున ఒక గ్రామపు పెద్ద మాకు కబురు పంపెను. "అన్నగారూ, మా చిన్నవాడు మిరప సొమ్ముతో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కొందునని పట్టుపట్టి కూర్చున్నాడు. ఇన్ని కొత్త బండ్లుండగా ముప్పది ఏండ్ల ఇనుము ఎందుకు? మీ దగ్గర అటువంటిదే ఉన్నదట. మీరే వానికి బుద్ధి చెప్పండి" అని. అట్టి బండిని ఉంచుకొన్నవారము గనుక ఆ బుద్ధి చెప్పుట మాకు కొంచెము కష్టమే. అయినను తెలిసినది వ్రాయుచున్నాము.

హార్మోనియము ఎరుగనివారు మనలో లేరు. యమహా కథ దాని అక్క వంటి ఆర్గనుతో మొదలగుచున్నది. 1887లో జపానులోని హమమత్సు పట్టణపు పాఠశాలలో ఒక విదేశపు రీడు ఆర్గను చెడిపోగా, తొరకుసు యమహా అను పనివాడు దానిని బాగుచేసెను. బాగుచేయుచు దాని లోపలి కట్టడము తెలిసికొని తానే ఒకటి చేసెను. తోడు ఒకనితో కలిసి దానిని భుజములమీద మోసికొని, హకొనే కొండలు దాటి, టోక్యోలోని సంగీత విద్యాలయమునకు కొనిపోయెను. స్వరములు సరిగా లేవని అచ్చటివారు చెప్పిరి. అతడు ఆ ఊరిలోనే ఉండి శ్రుతి విద్య నేర్చుకొని, తిరిగివచ్చి రెండవది చేసెను. ఆ కంపెనీ గుర్తులో శ్రుతి చూచు కడ్డీలు మూడు నేటికిని కలవు. 1955లో వచ్చిన వారి మొదటి మోటారు సైకిలు, 125 సీసీ బండి, జర్మనీవారి డీకేడబ్ల్యూ బండిని మాదిరిగా పెట్టుకొని చేసినదే. విప్పి చూచి నేర్చుకొనుట ఆ ఇంటి అలవాటని మా అభిప్రాయము.

మన దేశములో ఎస్కార్ట్స్ వారు 1983లో రాజదూత్ 350ను, 1985లో ఆర్‌ఎక్స్ 100ను తెచ్చిరి. మొదటిది 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. పెట్రోలు మిక్కుటముగా త్రాగుటచేత ఎక్కువ కాలము నిలువలేదు. రెండవది 98 సీసీ, 11 గుర్రముల బలము. 1996 వరకు తయారయ్యెను. పొగ నిబంధనలు బిగియగా ఈ జాతి బండ్ల కాలము తీరెను. పిల్లలు ఆశపడునది ఆ శబ్దమునకును, ఆ దూకుడుకును. ఆశను మేము తప్పుపట్టము.

అయితే ఈ రెండును టూ స్ట్రోకు బండ్లు. ఇప్పటి ఫోర్ స్ట్రోకు బండిలో ఆయిలు ఇంజను అడుగున నిలిచియుండును. టూ స్ట్రోకులో పెట్రోలు, గాలి కలిసి క్రాంకు గదిగుండ పోవును గనుక అచ్చట ఆయిలు నిలువదు. పెట్రోలుతోకూడ లోపలికి పోయి కాలిపోవలెను. ఆ నీలి పొగ అదియే. యమహాలో దీనికి వేరు టాంకీయు, చిన్న పంపును ఉన్నవి. యాక్సిలరేటరు త్రిప్పినకొలది పంపు ఆయిలు పంపుచుండును. గేరుబాక్సు ఆయిలు వేరు. అది చూచి ఇది ఉన్నదని భ్రమపడరాదు.

మేము భ్రమపడలేదు గాని మరచితిమి. ఒక శనివారము టాంకీ ఎండిపోయి కనబడెను. వెంటనే ఆయిలు పోసి, పని అయినదనుకొని భువనగిరి బయలుదేరితిమి. ఎండిన గొట్టములో గాలి చేరియుండెను. పంపునకు గల చిన్న స్క్రూ విప్పి, బుడగలు పోవువరకు ఆయిలు కారనియ్యవలెను. అది మేము చేయలేదు. ఘట్‌కేసరు దాటిన తరువాత పిస్టను వేడికి ఉబ్బి బోరులో పట్టుకొనెను. వెనుక చక్రము ఉన్నపాటున బిగిసి, బండి రోడ్డుకు అడ్డముగా జారెను. చేయి తనంతట తానే క్లచ్చి నొక్కెను గనుక బ్రదికితిమి. వెనుక లారీ వచ్చుచుండెను. పదిమంది కన్యకల ఉపమానము చిన్ననాటినుండి వినుచున్నవారమే! బోరు కోయించి, కొంచెము పెద్ద పిస్టను వేయించితిమి. ఆ ఖర్చు ఇంటిలో చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు.

ఆ దినమునుండి మాది కార్ఖానా పద్ధతి. వారమునకొకసారి ఆయిలు టాంకీ మూత తీసి కంటితో చూతుము. ప్లగ్గు విప్పుదుము, ఇటుక చాయ ఉన్న మంచిది, తెల్లబారిన ఇంజను కాలుచున్నదని, నల్లగా తడిగా ఉన్న పెట్రోలు ఎక్కువైనదని తెలియును. సైలెన్సరులో మసి గడ్డకట్టిన బండి ఈడ్చును. గడువు పెట్టుకొని గోకవలెను. కార్బురేటరు స్క్రూలు చూచుటకు సాధారణపు నక్షత్రపు తలలవలెనే ఉండును గాని, జపాను కొలత వేరు. మామూలు స్క్రూడ్రైవరు జారి తలను తినివేయును. తల అరిగిన స్క్రూలున్న బండిని చూచినప్పుడు, ఎటువంటి చేతులలో తిరిగినదో మాకు వెంటనే తెలియును.

కొనువారు మెరయు రంగును చూడక, చాసిస్ నంబరు, ఇంజను నంబరు పుస్తకముతో సరిపోల్చవలెను. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లు; పిమ్మట 5 ఏండ్లకొకసారి తిరిగి చేయించవలెను. గడువు దాటిన కాగితములతో ఎంత చౌకగా ఇచ్చినను వద్దు. అప్పుచేసి అసలే వద్దు. పంట సొమ్ము సంగతి తండ్రియు కుమారుడును ఇంటనే తేల్చుకొందురు గాక.

ఆ చిన్నవానిని శనివారము పిలిపించితిమి. బండి నడుపనియ్యలేదు. కార్బురేటరు విప్పి, కడిగి, తిరిగి బిగించుమని చెప్పితిమి. మొదటిసారి పెట్రోలు కారెను. రెండవసారియు కారెను. మూడవసారి ప్రొద్దు క్రుంకిన తరువాత బిగించి, గుడ్డతో తుడిచి, వేలితో అడుగున తడిమి చూచెను. పొడిగా ఉండెను. అప్పుడు తండ్రి ఫోను చేసి "ఏమి నిర్ణయించితివిరా?" అని అడుగగా, వాడు మావైపు తిరిగి "వచ్చే శనివారము ఎన్ని గంటలకు రమ్మంటారు, పెదనాన్నా?" అనెను.