బొబ్బలెక్కిన ప్రెషర్ వెసెల్‌ను మళ్లీ నడపవచ్చా?

రిఫైనరీ షట్‌డౌన్‌లో అమీన్ టవరు తెరిస్తే లోపలి గోడ మీద బొబ్బలు కనిపించాయనుకోండి. ఇన్‌స్పెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లు వెంటనే టేపు తీసి కొలతలకు దిగుతారు. కొలతల కంటే ముందు ఆ వెసెల్ ఎంత వేడిలో నడిచిందో అడగండి.

తడి హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల ఉక్కు తుప్పు పట్టేటప్పుడు హైడ్రోజన్ పరమాణువులు ప్లేటులోకి దూరుతాయి. లోపల సల్ఫైడ్ మలినాల దగ్గర రెండేసి కలిసి అణువులైపోయాక ఇక బయటికి రాలేవు. ఒత్తిడి పెరిగి ప్లేటు పొరలుగా విడిపోతుంది. అదే బొబ్బ. కార్బన్ స్టీలు 200 డిగ్రీలు దాటిన వేడిలో, అధిక పీడన హైడ్రోజన్‌తో నడిచి ఉంటే కథ వేరు. అక్కడ ఉక్కులోని కార్బన్ మీథేన్‌గా మారి లోలోపలే సన్నటి పగుళ్లు పుడతాయి, పైకి ఏమీ కనబడకపోవచ్చు. 2010లో అమెరికాలోని అనకోర్టెస్ రిఫైనరీలో హీట్ ఎక్స్ఛేంజర్ పగిలి ఏడుగురు చనిపోయింది అలాంటి దెబ్బతోనే. దానికి కింది పద్ధతి పనికిరాదు.

వేడి సంగతి తేలాక టార్చి పట్టుకుని లోపలికి దిగండి. లైటు ఎదురుగా కొడితే ఏమీ తెలియదు. గోడకు ఆనించి వాలుగా వేస్తే చిన్న ఉబ్బు కూడా నీడ వేస్తుంది. ప్రతిదాని చుట్టూ సుద్దతో గీసి నంబరు వేయండి. తర్వాత అల్ట్రాసోనిక్‌తో లోతు, మిగిలిన మందం రాసుకోండి.

ఇప్పుడు ఏపీఐ 579 ప్రమాణంలోని 7వ భాగం తెరవండి. మొదటి స్థాయి పరీక్ష సులువే: బొబ్బ 50 మి.మీ. మించకూడదు (మించితే రంధ్రం వేసి గ్యాసు వదిలి ఉండాలి, దానికీ ఒక పరిమితి ఉంది). ఉబ్బు ఎత్తు దాని వెడల్పులో పదోవంతు దాటకూడదు. దెబ్బతినని మందం కనీసం సగం మిగలాలి. పక్క బొబ్బలతో దూరం కూడా చూడాలి. రంధ్రం వేసేటప్పుడు జాగ్రత్త, లోపలున్నది మండే గ్యాసు.

అసలు తీర్పు బొబ్బ అంచు దగ్గర, వెల్డు దగ్గర ఉంటుంది. అంచు నుంచి పగులు ఉపరితలం వైపు తిరిగినా, వెల్డుకు 25 మి.మీ. లేదా మందానికి రెట్టింపు, ఈ రెంటిలో ఎక్కువైన దూరంలోపు బొబ్బ ఉన్నా మొదటి స్థాయి చెల్లదు. 1984లో ఇల్లినాయ్‌లోని రోమియోవిల్‌లో అమీన్ టవరు పగిలి 17 మంది చనిపోయారు. అంతకు పదేళ్ల ముందు మార్చిన ప్లేటు వెల్డు పక్కనే పగుళ్లు పెరిగాయి. అందుకే వెల్డుల మీద తడి ఫ్లోరోసెంట్ మాగ్నెటిక్ పరీక్ష ఖర్చని వదిలేయకండి.

మొదటి స్థాయి దాటకపోతే వెసెల్ పారేయాలని కాదు. రెండో స్థాయిలో మిగిలిన బలాన్ని లెక్కకడతారు, మూడో స్థాయిలో కంప్యూటర్ విశ్లేషణ. మరమ్మతే మార్గమైతే వెల్డింగ్‌కు ముందు ప్లేటును వేడిచేసి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి. నడపడమే నిర్ణయమైతే మళ్లీ ఎప్పుడు తెరిచి చూడాలో తేదీ రాయాలి.

వెల్డు పక్కన పగుళ్లు మెట్లుగానో, ఒకదానిపై ఒకటి పేర్చినట్టుగానో కనిపిస్తే మాత్రం మీరే తేల్చేయకండి. అనుభవజ్ఞుడైన ఇంజినీరు సంతకం పెట్టేదాకా ఆ వెసెల్‌కు ప్రెషర్ ఎక్కించొద్దు.