ప్రకటన చదవటం: సూచనలోని ఆంతర్యం

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయింది. వివిధభారతిలో వ్యాపార ప్రకటనలు 1967 నవంబరు 1న బొంబాయి, పూనా, నాగపూర్‌లతో మొదలై క్రమంగా మనదాకా వచ్చాయి. వీధుల్లో తిరిగే రిక్షా మైకు వందమందిని కేకవేసి పిలుస్తుంది. రేడియో ప్రకటన అలా కాదు, ఇంట్లో కూర్చున్న ఒక్క మనిషితో మాట్లాడుతుంది. ఈ తేడా తెలిస్తే సగం విద్య వచ్చినట్లే.

మిగతా సగం, చదివించేవారి సూచనను అర్థం చేసుకోవటం. "ఇంకొంచెం ఉత్సాహంగా" అంటారు. వెంటనే మనవాళ్ళు గొంతు పెంచుతారు. ఆయన అడిగింది ఫలితాన్ని. దానికి కారణం వెతుక్కోవలసింది మనం. ఎవరితో చెబుతున్నాను? ఇప్పుడే ఎందుకు చెబుతున్నాను? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఉత్సాహం దానంతట అదే వస్తుంది.

"పండక్కి కొత్త చీరలు వచ్చాయి" అనే వాక్యం తీసుకోండి. 'పండక్కి' అన్నచోట ఊనిక ఇస్తే తొందరపెట్టినట్లు, 'కొత్త' మీద ఇస్తే సరుకును మెచ్చుకున్నట్లు, 'వచ్చాయి' మీద ఇస్తే ఎదురుచూస్తున్నవారికి కబురు చెప్పినట్లు ఉంటుంది. ఏది కావాలో అడిగి తెలుసుకోవటం చిన్నతనం కాదు.

"వేగం పెంచు" అంటే విరామాలు తగ్గించాలి గాని దీర్ఘాలు మింగకూడదు. తెలుగులో 'పాలు' కాస్తా 'పలు' అయిపోతుంది. "నవ్వు వినపడాలి" అంటే నవ్వమని కాదు. పెదవులు విచ్చుకుంటే చాలు, నాదం తేటపడుతుంది. "ఆత్మీయంగా" అంటే మైకుకు కాస్త దగ్గరగా జరిగి గొంతు తగ్గించాలి. దగ్గరైనకొద్దీ చాలా మైకుల్లో మంద్రస్వరం పెరుగుతుంది కనుక, మరీ ఆనుకుంటే మాట ముద్దవుతుంది. "మన కృష్ణా జిల్లా మాటలా ఉండాలి" అంటే యాసను వెక్కిరించమని కాదు, ఇంట్లో మాట్లాడినట్లు మాట్లాడమని.

అన్నిటికంటె చిక్కు సూచన "ధీమాగా చెప్పు". పురుగుమందు ప్రకటన వినేవాడు దివిసీమ కౌలురైతు అనుకోండి. కాగితంలో "పురుగును అదుపు చేస్తుంది" అని మాత్రమే ఉంటే, మన గొంతు "పంటకిక ఢోకా లేదు" అని హామీ ఇవ్వకూడదు. రైతు కాగితం చూడడు, గొంతునే నమ్ముతాడు. అప్పుచేసి మందు కొంటాడు. అందుచేత ధీమా ఉచ్చారణలో చూపాలి, లేని వాగ్దానంలో కాదు.

అభిరుచిగల విద్యార్థులు ఒకే వాక్యాన్ని మూడు సూచనలతో చదివి, సెల్‌ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మూడూ ఒకేలా వినిపిస్తే, సూచన ఇంకా చెవి దాటి లోపలికి పోలేదన్నమాట!