ఆశ్రితపరిత్యాగము – ధర్మరాజు వెంట నడచిన శునకము

శ్రీమహాభారతమును శ్రద్ధగా చదువువారికి ఒక విశేషము గోచరింపకపోదు. కథారంభమున ఒక శునకము కలదు; కథ ముగియవచ్చినప్పుడు మరియొక శునకము కలదు. ఆదిపర్వమున జనమేజయ మహారాజు కురుక్షేత్రమున దీర్ఘసత్రము చేయుచుండగా, దేవశుని యైన సరమయొక్క కుమారుడు అచ్చటికి వచ్చెను. శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు అను రాజసోదరులు మువ్వురు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లియొద్దకు పోయెను. తన బిడ్డ హవిస్సును నాకలేదు, దానివంక చూడనైనను లేదు, ఏల కొట్టితిరని సరమ వచ్చి అడిగినది. ఆ మహాసభలో ఒక్కరును బదులు పలుకలేదు. నిరపరాధిని హింసించితిరి కావున కనరాని భయము మీకు కలుగునని చెప్పి ఆమె వెడలిపోయినది. చక్రవర్తి అంతటివాడు ఆ మాటకు కలతచెంది, ఆ దోషమును శమింపజేయగల పురోహితునికై వెదకి వెదకి, శ్రుతశ్రవసుని కుమారుడైన సోమశ్రవసుని తెచ్చుకొనవలసివచ్చెను.

మహాప్రస్థానిక పర్వములోని వృత్తాంతము అందరెరిగినదే. పాండవులు ఐదుగురు, ద్రౌపది ఆరవది, వెంట నడచిన శునకము ఏడవది. దారిలో ద్రౌపదియు తమ్ములు నలుగురును పడిపోయిరి. దేవేంద్రుడు రథము తెచ్చి ధర్మరాజును ఎక్కుమనెను. కుక్కను కూడ రానిమ్మని ధర్మజుడు కోరెను. ఇంద్రుడు ఒప్పలేదు. కుక్కలు గలవారికి స్వర్గమున చోటు లేదనియు, వారి ఇష్టాపూర్తఫలములను క్రోధవశులను గణములు హరింతురనియు, ఆలిని తమ్ములను విడిచివచ్చినవాడు కుక్కను విడువలేకపోవుట ఏమనియు వాదించెను.

ధర్మరాజు చెప్పిన సమాధానమును నిదానముగా పరిశీలింపవలెను. తమ్ములు మృతులైరి, వారిని బ్రతికించు శక్తి తనకు లేదు, బ్రతికియుండగా వారిని విడువలేదని ఆయన మొదట చెప్పెను. శరణుజొచ్చినవానిని అప్పగించుట, స్త్రీవధ, బ్రాహ్మణుని సొమ్ము అపహరించుట, మిత్రద్రోహము, ఈ నాలుగును ఒకయెత్తు, భక్తుని త్యజించుట ఒకయెత్తు అని పిదప చెప్పెను. ఇచ్చట భక్తశబ్దము కుక్కను గూర్చినది. నమ్మి వెంట వచ్చిన ప్రాణి ఏదైనను భక్తమే. కనికరము గొప్పదని మాత్రమే ధర్మజుడు చెప్పియున్నచో అది సామాన్యోపదేశమయ్యెడిది. ఆయన చూచినది ఆ ప్రాణి ఉంచిన నమ్మకమును.

మరియొక సూక్ష్మమును మరువరాదు. కుక్క అశుచి యన్న ఇంద్రుని మాటను ధర్మరాజు ఖండింపలేదు. ఆచారము ఆచారముగనే ఉండనిచ్చి, ఆ కారణమున ఆశ్రితమును విడువనని మాత్రము పలికెను. గీత ఐదవ అధ్యాయమున భగవంతుడు సమదర్శులను వర్ణించుచు శునకమును పేరుపెట్టి చెప్పినాడు గదా. అది అంతటను ఒక్కటిగా చూడుమనుటయే కాని, అన్నిటితో ఒకేరీతి వ్యవహరింపుమనుట కాదని పెద్దలందురు. భాగవతమున రంతిదేవుడు నలువదియెనిమిది దినములు నీరైనను లేక ఉపవసించి, దొరికిన అన్నమును కుక్కలతో వచ్చిన అతిథికి పెట్టి, ఆ కుక్కలకును వాటి యజమానికిని నమస్కరించెను. ఆచారవంతుల ఇండ్లలో వైశ్వదేవానంతరము కుక్కలకు నేలపై బలి ఉంచుటయు ఈ దృష్టితో ఏర్పడినదే.

ఈ త్యాగదోషము పురాణములతో పోయినది కాదు. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చలు 44వ జాతీయ రహదారిమీదను, శామీర్‌పేట కరీంనగరు పోవు రాజీవ్ రహదారిమీదను ఉన్నవి. బాహ్యవలయ రహదారి ఈ రెంటిని కలుపుచున్నది. దేవరయాంజాలు సీతారామచంద్రస్వామిని సేవింపబోవు యాత్రికులకు ఈ ప్రాంతము పరిచితమే. శామీర్‌పేట చెరువును, జింకల వనమును చూడ నగరవాసులు వత్తురు. నగరము ముగిసి పల్లె ఇంకను మొదలుకాని ఇట్టి శివార్లలో కారు ఆపి, తలుపు తీసి, పెంచిన కుక్కను దింపి పోవుట సులభము. చూచువారు ఉండరు, అది ఇల్లు వెదకికొని తిరిగి రాలేదు. ఇల్లు మారితిమని, కుక్కకు చర్మవ్యాధి వచ్చెనని, ముసలిదయ్యెనని, పిల్లగా ముద్దుగానున్నది ఇప్పుడు పెద్దదయ్యెనని ఏదో ఒక కారణము చెప్పుదురు. చలిదేశపు ఒత్తైన బొచ్చుకుక్కను మోజుపడి కొని, వేసవి రాగానే విసిగినవారును కలరు.

వీధిలో పుట్టిన కుక్కకు వీధి తెలియును. ఇంట పెరిగినదానికి వాహనముల రాకపోకలు తెలియవు, ఎంగిలాకులు వెదకుట తెలియదు. ఆ చోటి కుక్కలు దానిని దరిచేరనీయవు. మెడపట్టీతోనే, దింపిన తావునే కూర్చుండి వచ్చుచు పోవుచున్న ప్రతి కారును చూచుచుండును. తనను విడిచిరని దానికి తెలియదు.

ఇట్టివానిని ఆదుకొను స్వచ్ఛందసేవకులు నగరమున కొందరు కలరు. 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ వంటివి ఉన్నను, ఏ సంస్థకును చెందక, ఉద్యోగములు చేసికొనుచు, స్వంత ధనము వెచ్చించువారు అనేకులు. వారి పని చూచుటకు తేలిక, చేయుటకు కష్టము. బెదరిన కుక్కను తరిమి పట్టుకొనరాదు. తరిమిన రహదారి మీదికి ఉరుకును. దూరమున కూర్చుండి, నీరు పెట్టి, అది తానుగా దగ్గరకు వచ్చువరకు ఓర్చుకొనవలెను. ఆకలిగొన్నదానికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టరాదు, కొద్దికొద్దిగా పెట్టవలెను. తప్పిపోయిన కుక్కయేమో యని చుట్టుపట్ల విచారింపవలెను. పశువైద్యునిచే పరీక్ష, రేబిస్ మొదలగు వ్యాధులకు టీకాలు, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స, అంతవరకు ఎవరి ఇంటనో తాత్కాలికమైన ఆశ్రయము – ఇదంతయు అయిన పిదప అసలు పని మొదలగును. అది క్రొత్త ఇల్లు చూచుట. కన్యకు సంబంధము విచారించినట్లు వారు విచారింతురు: ఇంటిలో అందరును ఒప్పుకొనిరా? ఇల్లు అద్దెదైనచో యజమాని సమ్మతించెనా? ఊరికి పోవునప్పుడు చూచువారెవరు? కొందరికి ఈ ప్రశ్నలు అధికప్రసంగముగా తోచును. ఒకమారు విడువబడినదానిని రెండవమారు విడువబడకుండ కాపాడుటకే ఆ ప్రశ్నలన్నియు.

చట్టము కూడ దీనిని నేరముగనే ఎంచినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము పదకొండవ విభాగము ప్రకారము, ఆకలిదప్పులపాలగునట్లు ప్రాణిని కారణములేక విడిచిపెట్టుట శిక్షార్హము. మొదటి తప్పునకు జరిమానా పదిరూపాయలకు తక్కువకాక ఏబదిరూపాయలకు మించదు! కొబ్బరికాయ వెలతో తీరిపోవు ఈ శిక్షకు వెరచువారెవరు?

కుక్కల భయము ఒట్టిమాట యనరాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కలవాత పడి మరణించెను. రేబిస్ లక్షణములు బయటపడిన పిదప ఆ వ్యాధి నుండి బ్రతికి బయటపడుట అత్యంతదుర్లభము. కుక్క కరచినచో గాయమును పదునైదు నిమిషములపాటు సబ్బుతోను పారునీటితోను కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. టీకా లేక, సంతాననియంత్రణ లేక ఒక్క కుక్కను రోడ్డుమీద విడిచినవాడు ఆ వీధి పిల్లలకును అపకారము చేసినవాడే. కావున ఇల్లు చూచి పెట్టుట కుక్కకు మాత్రమే చేసిన మేలు కాదు. 2025 ఆగస్టులో హైదరాబాదు నగరపాలక సంస్థయే దేశవాళీ కుక్కపిల్లలను ఉచితముగా పెంపునకిచ్చు మేళా జరిపినది.

యాత్రికులకు శివానందసేనుని చరిత్ర మిక్కిలి తగినది. వంగదేశమునుండి ఏటేట భక్తులను వెంటబెట్టుకొని పూరీ జగన్నాథుని రథయాత్రకు తీసికొనిపోవు భాగవతుడాయన. కృష్ణదాస కవిరాజు చైతన్యచరితామృతమున ఈ కథ చెప్పినాడు. ఒక యాత్రలో ఒక కుక్క వెంటబడినది. నదిదాటు చోట పడవవాడు దానిని ఎక్కనీయలేదు. శివానందుడు వాదింపక పదిపణముల గవ్వలిచ్చి దానిని దాటించెను. ఒకనాడు సుంకరులు తన్ను నిలిపివేయగా, సేవకుడు కుక్కకు అన్నము పెట్టుట మరచెను. రాత్రి వచ్చి విచారించిన శివానందునికి కుక్క కానరాలేదు. పదిమందిని పంపి వెదకించెను. దొరకలేదు. ఆ రాత్రి ఆయన భుజింపలేదు. మరచినది సేవకుడే గదా యని ఊరకుండవచ్చును. కాని వెంట రానిచ్చినది తాను గనుక తప్పు తనదే యనుకొనెను. పూరీ చేరి చూడగా, చైతన్యప్రభువు వేయుచున్న కొబ్బరిముక్కలు తినుచు ఆ కుక్క ఆయన సన్నిధిని కూర్చుండియున్నది. శివానందుడు దానికి దూరమునుండి మ్రొక్కి అపరాధము మన్నింపుమని వేడుకొనెను.

గృహస్థులు తమ శక్తిని ముందుగా ఎరుగవలెను. నిత్యారాధనము, మడి గలిగి, కుక్కకు వేరుగా చోటు చూపలేని ఇంటివారు జాలిపడి తెచ్చుకొని, పిదప నెట్టివేయుటకంటె తేకుండుటయే మేలు. వారు టీకాకు ధనమీయవచ్చును, తెలిసిన ఇండ్లలో విచారింపవచ్చును. ఇంటిలో కుక్క ఉన్నవారు యాదగిరిగుట్టకో తిరుమలకో పయనమగునప్పుడు, టికెట్టు తీసికొనుటకు ముందే దానిని చూచువారిని కుదుర్చుకొనవలెను. గొలుసు వేసి, గిన్నెలో రెండుదినముల అన్నము పోసి పోవుట ఏర్పాటు అనిపించుకొనదు.

క్రొత్త ఇంట చేరిన కుక్క మొదటి దినములలో మూలను దాగియుండును, అన్నము ముట్టదు, కారు చప్పుడైనచో గేటువద్దకు పరుగెత్తును. ఓర్పుగల ఇంటివారు దానిని కసరక, వేళకు తిండిపెట్టి ఊరకుందురు. నెల గడచిన పిదప సేవకులు చూడవత్తురు. అది వారిని గుర్తించి, తోక ఆడించి, కొంతసేపు చుట్టు తిరిగి, మరల ఇంటివారి కాళ్లయొద్దకు పోయి పడుకొన్నచో, ఇక తాము రాబనిలేదని వారు తెలిసికొందురు.