సంఘకాపరియు వివాహమును

చదువవలసిన భాగములు: 1 కొరింథీయులకు 9:1–14, 1 తిమోతికి 3:1–7

మన ఊళ్లలో రోమను కతోలిక గుడియు మన గుడియు దగ్గరగా నున్నచోట పిల్లలు అడుగు ప్రశ్న యొకటి కలదు. వారి ఫాదరుగారు పెండ్లి చేసికొనరు. మన అయ్యగారికి భార్యాబిడ్డలున్నారు. ఇందులో ఏది సరి? పెద్దలమైన మనము దీనికి వాక్యానుసారముగా జవాబు చెప్పగలిగి యుండవలెను.

1. వాక్యము ఏమి బోధించుచున్నది?

పేతురు పెండ్లియైనవాడు. జ్వరముతో పడియున్న ఆయన అత్తను ప్రభువు స్వస్థపరచెను (మత్తయి 8:14, 15). తక్కిన అపొస్తలులవలెనే ఆయనయు భార్యను వెంటబెట్టుకొని తిరిగెనని పౌలు వ్రాసెను (1 కొరింథీ 9:5). సంఘాధ్యక్షుడు ఒకే భార్యకు నమ్మకస్థుడై తన యింటిని చక్కదిద్దుకొనవలెనని తిమోతికి తెలియజేసెను. అయితే పౌలు తాను ఒంటరిగానే పనిచేసెను. రెండు స్థితులును దేవుని వరములే యనెను (1 కొరింథీ 7:7).

2. సంఘచరిత్రలో ఏమి జరిగెను?

తొలి శతాబ్దములలో పెండ్లియైన కాపరులు అనేకులుండిరి. తూర్పు ఆర్థొడాక్సు సంఘములలో పెండ్లియైనవారిని నేటికిని గురువులుగా అభిషేకించుదురు. బిషప్పులను మాత్రము వివాహబంధము లేనివారినుండి ఎన్నుకొందురు. పాశ్చాత్య సంఘములో 1139లో రెండవ లాటెరను సభ గురువుల వివాహములు చెల్లవని తీర్మానించెను. ప్రార్థనకు పూర్తిగా ప్రత్యేకింపబడుట ఒక కారణము. గుడి ఆస్తి బిడ్డలకు వారసత్వముగా పోకుండుట మరియొకటి.

1525 జూన్ 13న, మునుపు మఠవాసియైన మార్టిన్ లూథరు, మునుపు కన్యాస్త్రీయైన కతరీనాను విటెన్‌బెర్గులో వివాహమాడెను. వారికి ఆరుగురు బిడ్డలు. ఇద్దరు కుమార్తెలను ఆ దంపతులు తమ చేతులతో సమాధి చేసిరి. కతరీనా పశువులను మేపించి, తోట సాగుచేయించి, ఇంటనున్న విద్యార్థులకు భోజనము పెట్టెను. 1546లో లూథరు మరణించిన తరువాత ఆయన జీతము ఆగిపోయెను; యుద్ధము ఆమె పొలములను పాడుచేసెను. 1552లో ఆమె చనిపోవువరకు ఇబ్బందులు తప్పలేదు.

3. మనము నేర్చుకొనవలసినది

కొరింథీ పత్రికలోని ఆ వచనమును మరల చదువుడి. అచ్చట పౌలు సువార్త పనివారి పోషణను గూర్చి వాదించుచున్నాడు. కాపరి భార్యతో జీవించు హక్కు గలవాడైతే, ఆమెకును అన్నము పెట్టు బాధ్యత సంఘమునకు గలదు. పెండ్లియైన కాపరి కావలెనని కోరి, ఆయన పిల్లల బడి జీతమునకు డబ్బు లేనప్పుడు ముఖము త్రిప్పుకొనుట న్యాయమా? ప్రతి పూట మన తల్లులు తీసిపెట్టు పిడికెడు బియ్యము చిన్న కానుక కాదు. అది ఈ వాక్యమునకు లోబడుటయే. కాపరి మరణించినప్పుడు ఆయన విధవరాలిని మరువకుందము.

ప్రభువు నిమిత్తము ఒంటరిగా నున్న సేవకులను, బైబిలు స్త్రీలను "పెండ్లి ఏల కాలేదు?" అని గుచ్చి అడుగవద్దు. పొరుగు గుడి ఫాదరుగారిని ఎగతాళి చేయవద్దు. పెండ్లియు ఒంటరితనమును ఎవనిని పరిశుద్ధుని చేయవు. నమ్మకత్వమునే ప్రభువు అడుగును.

ఆలోచించుటకు:
మన కాపరి కుటుంబమునకు ఈ నెల ఏమి కొరతగా నున్నది? దానిని ఎవరైనను అడిగితిరా?

ప్రార్థన: ప్రభువా, మా కాపరిని, వారి యింటివారిని కాపాడుము. వారి భారమును మేమును మోయునట్లు మాకు మనస్సు దయచేయుము. ఆమేన్.