పడి లేచిన మల్లుడు

పాఠ్యభాగ పరిచయం

జపాన్ దేశపు సంప్రదాయ క్రీడ సుమో. అందులో అత్యున్నత స్థానాన్ని చేరుకొనే దశలో వ్యాధిగ్రస్తుడై, అట్టడుగు శ్రేణికి పడిపోయి, తిరిగి ఒక్కొక్క మెట్టే ఎక్కి శిఖరాన్ని అందుకొన్న మల్లుడు తెరునోఫుజి. అతని జీవితాన్ని, ఆ క్రీడావ్యవస్థ స్వరూపాన్ని ఈ పాఠం వివరిస్తుంది. ఓటమి ఎదురైనప్పుడు మనిషి ఏ విధంగా నిలదొక్కుకోవాలో విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం దీని ఉద్దేశం.

పాఠం

మల్లయుద్ధం మానవజాతికి అతిప్రాచీనమైన క్రీడ. భారతకథలో భీమజరాసంధుల ద్వంద్వయుద్ధాన్ని చదివిన తెలుగువారికి అది క్రొత్తది కాదు. అయితే ఒక్కొక్క జాతి ఈ విద్యను తన సంస్కృతికి అనుగుణంగా తీర్చిదిద్దుకొన్నది. జపాన్ దేశీయులు దానిని షింటో మతాచారాలతో పెనవేసి, సుమో అనే పేరుతో నేటికీ భద్రంగా కాపాడుకొంటున్నారు.

సుమో పోటీ జరిగే మట్టివేదికను 'దోహ్యో' అంటారు. దానిపై గడ్డిమోపులతో 4.55 మీటర్ల వ్యాసంగల వలయాన్ని ఏర్పరుస్తారు. అరికాలు తప్ప శరీరంలో ఏ భాగం నేలను తాకినా, వలయం వెలుపల అడుగు పడినా ఆ మల్లుడు ఓడినట్లే. బరువునుబట్టి తరగతుల విభజన ఈ క్రీడలో లేదు. నూరు కిలోలవాడు నూటఎనభై కిలోలవానితో తలపడవలసి రావచ్చు. పెక్కు పోటీలు కొన్ని క్షణాలలోనే ముగిసిపోతాయి. ఆ కొన్ని క్షణాలకోసం మల్లుడు సంవత్సరాల తరబడి సాధన చేస్తాడు.

సంవత్సరానికి ఆరు పర్యాయాలు ప్రధాన పోటీలు జరుగుతాయి. జనవరి, మే, సెప్టెంబరు నెలలలో టోక్యోలోను, మార్చిలో ఒసాకాలోను, జూలైలో నగోయాలోను, నవంబరులో ఫుకుఒకాలోను వాటిని నిర్వహిస్తారు. ఒక్కొక్క పోటీ పదునైదు రోజులు సాగుతుంది. మల్లులందరూ ఆరు శ్రేణులుగా విభక్తులై ఉంటారు. క్రిందనుంచి వరుసగా జొనోకుచి, జొనిదాన్, సందాన్మె, మకుషిత, జూర్యో, మకుఉచి అనేవి ఆ శ్రేణుల పేర్లు. మకుఉచిలో మళ్ళీ మాయెగాషిర, కొముసుబి, సెకివాకె, ఓజెకి అనే స్థానాలున్నాయి. వీటన్నింటికీ పైన ఉన్నది 'యోకొజున' పదవి.

ప్రతి పోటీకి ముందు 'బన్జుకె' అనే స్థానపట్టికను ప్రకటిస్తారు. గెలుపులు అధికమైతే మల్లుడు పైకి వెళతాడు. ఓటములు అధికమైతే క్రిందికి దిగుతాడు. అనారోగ్యంతో పోటీకి రాకపోయినా దిగక తప్పదు. పూర్వవైభవాన్ని ఆ పట్టిక గుర్తుపెట్టుకోదు. ఒక్క యోకొజునకు మాత్రమే స్థానభ్రంశం లేదు. తన పదవికి తగినట్లు పోరాడలేనని తోచిననాడు అతడు క్రీడనుంచి విరమించుకోవలసిందే.

మల్లుని జీవితమంతా 'హేయా' అనే గురుకులంలో గడుస్తుంది. పూర్వం మల్లునిగా పేరుపొందినవాడే అక్కడ గురువు. శిష్యులు తెల్లవారకముందే లేచి, ఏమీ తినకుండా సాధనకు దిగుతారు. కాళ్ళను ఎత్తి నేలను బలంగా మోపడం, అరికాళ్ళను నేలనుంచి లేపకుండా ముందుకు జరగడం, కొయ్యస్తంభాన్ని అరచేతులతో మోదడం, తోటివారిని వలయంలో నెట్టడం వంటి అభ్యాసాలు కొన్ని గంటలపాటు సాగుతాయి. ఆ తరువాతనే భోజనం. మాంసం, చేపలు, కూరగాయలు కలిపి వండిన 'చాంకో' వారి ప్రధానాహారం.

గురుకులంలో క్రిందిశ్రేణులకూ పైశ్రేణులకూ నడుమ ఉన్న అంతరం చాలా గొప్పది. పై రెండు శ్రేణులవారికే నెలజీతం లభిస్తుంది. వారు పోటీలలో రంగుల పట్టుగోచిని ధరిస్తారు. వారికి పరిచారకులు ఉంటారు. మిగిలిన నాలుగు శ్రేణులవారు నల్లని నూలుగోచి ధరించాలి, జీతం ఉండదు, వంట చేయడం, ఇల్లు శుభ్రపరచడం, పెద్దలకు సేవ చేయడం వారి విధులు. వలయంలో ఉప్పు చల్లి శుద్ధిచేసే గౌరవం కూడా సాధారణంగా పైశ్రేణులవారిదే. ప్రేక్షకులు రాకముందే, ఉదయపు వేళ ఖాళీ ఆసనాల నడుమ క్రిందిశ్రేణుల పోటీలు జరిగిపోతాయి. తెరునోఫుజి జీవితంలోని విషాదమూ విజయమూ ఈ అంతరాన్ని తెలుసుకొన్నప్పుడే అర్థమవుతాయి.

తెరునోఫుజి 1991 నవంబరు 29న మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో జన్మించాడు. గంతుల్గిన్ గన్ ఎర్దెనె అతని జన్మనామం. మంగోలియా దేశం కుస్తీకి పుట్టినిల్లు వంటిది. అక్కడినుంచి వచ్చిన యువకులు 21వ శతాబ్దపు ఆరంభంనుంచి సుమోలో అగ్రస్థానాలను అధిష్ఠించసాగారు. వారి బాటలోనే గన్ ఎర్దెనె జపాన్ చేరి, తొత్తోరి జోహొకు ఉన్నత పాఠశాలలో చదువుతూ సుమో అభ్యసించాడు. భాష రాదు, ఆహారం వేరు, ఆచారాలు వేరు. అయినా 2011లో వృత్తిమల్లునిగా ప్రవేశించాడు. అతడు మొదట చేరిన గురుకులం 2013లో మూతపడింది. అప్పుడు 'ఇసెగహామా' గురుకులానికి మారాడు. ఆ గురుకులాధిపతి 63వ యోకొజునగా కీర్తిగాంచిన అసాహిఫుజి. పూర్వపు యోకొజున తెరుకుని పేరులోని పూర్వభాగాన్ని, తన పేరులోని ఉత్తరభాగాన్ని కలిపి గురువు అతనికి 'తెరునోఫుజి' అనే నామాన్ని అనుగ్రహించాడు.

192 సెంటీమీటర్ల ఎత్తు, దానికి తగిన బరువు, అసాధారణమైన భుజబలం అతని సొత్తు. ప్రత్యర్థి తన రెండు చంకల క్రింద చేతులు జొనిపి పట్టు సాధించినా, ఆ చేతులను పైనుంచి బిగించి అమాంతంగా వెలుపలికి నెట్టివేయగలిగేవాడు. 2014లో మకుఉచి శ్రేణికి చేరాడు. 2015 మే నెలలో సెకివాకె స్థానంలో ఉండి 12 పోటీలు గెలిచి మొదటి విజేతృత్వాన్ని సాధించాడు. ఆ వెంటనే ఓజెకి పదవి లభించింది. అప్పటికి అతని వయస్సు 23 సంవత్సరాలు. యోకొజున పదవికి ఒక్క మెట్టు మాత్రమే మిగిలింది. అది త్వరలోనే లభిస్తుందని అందరూ భావించారు.

కాని కథ మరొక దారి పట్టింది. అదే సంవత్సరం సెప్టెంబరు పోటీలో అతని కుడి మోకాలు తీవ్రంగా గాయపడింది. భుజబలాన్ని నమ్ముకొని, ప్రత్యర్థి భారాన్నంతా మోకాళ్ళపై మోస్తూ పోరాడే అతని పద్ధతి ఆ గాయాన్ని మానీయలేదు. క్రమంగా రెండు మోకాళ్ళూ చెడిపోయాయి. దానికితోడు మధుమేహం సోకింది. 2017లో ఓజెకి పదవి పోయింది. 2018లో మొదట మకుఉచినుంచి జూర్యోకు, అక్కడినుంచి మకుషితకు దిగజారాడు. అదే సంవత్సరం మోకాళ్ళకు శస్త్రచికిత్సలు జరిగాయి. నడవడమే కష్టమయింది. ఓజెకిగా వెలిగిన మల్లుడు జీతంలేని శ్రేణికి పడిపోవడం అంతకుముందు ఎన్నడూ ఎరుగనిది.

ఆ స్థితిలో ఏ మల్లుడైనా విరమించుకొంటాడు. తెరునోఫుజి కూడా అదే కోరాడు. ఒకసారి కాదు, పలుమార్లు గురువు వద్దకు వెళ్ళి విరమణకు అనుమతి అడిగాడు. గురువు అంగీకరించలేదు. ముందు వ్యాధిని నయం చేసుకోవాలని, విరమణ సంగతి ఆ తరువాత ఆలోచించవచ్చునని బోధించాడు. ఈ మాటలలోని వివేకం గమనింపదగినది. తిరిగి ఓజెకి కావాలని ఆయన శిష్యుని ఒత్తిడి చేయలేదు. గొప్ప విజయాలను వాగ్దానం చేయలేదు. నిరాశలో ఉన్న మనిషి చేత శాశ్వతమైన నిర్ణయం చేయనీయలేదు, అంతమాత్రమే. తెరునోఫుజి మద్యపానాన్ని విడిచిపెట్టాడు. చికిత్స పొందుతూ, శరీరం సహకరించినంత మేరకు మెల్లగా సాధన ప్రారంభించాడు.

వరుసగా నాలుగు పోటీలకు దూరమైన తరువాత, 2019 మార్చిలో అతడు ఒసాకా పోటీలో అడుగుపెట్టాడు. అప్పటికి అతని స్థానం జొనిదాన్, అంటే క్రిందినుంచి రెండవ శ్రేణి. ఒకనాడు పట్టుగోచి ధరించి వేలాది ప్రేక్షకుల హర్షధ్వానాల నడుమ నిలిచినవాడు, నల్లని నూలుగోచి కట్టుకొని ఉదయపు వేళ నిలిచాడు. ఎదుట ఉన్నవారు అతని పేరు విని పెరిగిన కుర్రవాళ్ళు. వారిచేతిలో ఓడితే లోకం నవ్వుతుంది. గెలిచినా అందులో కీర్తి లేదు. అభిమానం గలవానికి ఇంతకుమించిన పరీక్ష మరొకటి ఉండదు. అతడు ఆ పరీక్షకు తలవంచాడు. ఏడు పోటీలకు ఏడింటినీ గెలిచి, విజేతను నిర్ణయించే అదనపు పోటీలో రోగా అనే యువమల్లుని చేతిలో ఓడిపోయాడు. ఆ శ్రేణి విజేతృత్వం కూడా దక్కలేదు. అయినా అతడు మళ్ళీ మల్లుడైనాడు. ఆ తరువాతి విజయాలన్నింటికీ పునాది ఆ ఒసాకా ఉదయాలే.

పునరాగమనంలో అతడు పూర్వపు పద్ధతిని మార్చుకొన్నాడు. కేవల భుజబలంతో నిలబడి ప్రత్యర్థిని నలిపివేయడం మాని, మోకాళ్ళు వంచి, త్వరగా గోచి పట్టు సాధించి, ముందుకు నడవడం అలవరచుకొన్నాడు. శరీరం బలహీనపడగా బుద్ధి పదునెక్కింది. 2019 నవంబరులో మకుషిత విజేత అయ్యాడు. 2020 జనవరిలో జూర్యో విజేత అయ్యాడు. అదే సంవత్సరం జూలైలో మకుఉచి శ్రేణిలో, మాయెగాషిర 17వ స్థానంలో, అంటే పట్టిక చివర ఉండి, 13 పోటీలు గెలిచి విజేతగా నిలిచాడు. కోవిడ్ వ్యాధి కారణంగా పరిమితసంఖ్యలో మాత్రమే ప్రేక్షకులను అనుమతించిన రోజులవి. మొదటి విజేతృత్వానికీ రెండవదానికీ నడుమ ఐదు సంవత్సరాలు గడిచాయి.

అక్కడితో ఆగలేదు. 2021 మార్చిలో విజేతయై ఓజెకి పదవిని తిరిగి పొందాడు. మే నెలలో తకకేషోను అదనపు పోటీలో ఓడించి మరల విజేత అయ్యాడు. జూలైలో వరుసగా 14 పోటీలు గెలిచి, చివరిరోజున మహామల్లుడైన హకుహో చేతిలో మాత్రం ఓడిపోయాడు. ఆ పోటీ అనంతరం 73వ యోకొజునగా నియమితుడైనాడు. జొనిదాన్ శ్రేణిలో నిలిచిన నాటినుంచి ఆనాటికి రెండు సంవత్సరాల నాలుగు నెలలు. నియామకవార్తను తెచ్చిన ప్రతినిధులకు సమాధానమిస్తూ అతడు 'ఫుదోషిన్' అనే మాటను పేర్కొన్నాడు. చలించని మనస్సు అని దాని భావం. మన పెద్దలు స్థితప్రజ్ఞత అని చెప్పినదానికి ఇది దగ్గరగా ఉంటుంది. గెలుపును ఓటమిని సమానంగా అనుభవించినవాని నోట ఆ మాట అలంకారప్రాయం కాలేదు.

అదే సంవత్సరం అతడు జపాన్ పౌరసత్వాన్ని స్వీకరించాడు. హకుహో విరమణానంతరం మూడేళ్ళకు పైగా ఏకైక యోకొజునగా ఆ క్రీడాభారాన్ని వహించాడు. అయితే మోకాళ్ళు పూర్తిగా నయం కాలేదు. నడుము నొప్పి కూడా బాధించింది. మధ్య మధ్య అనేక పోటీలకు దూరంగా ఉండవలసివచ్చింది. పట్టుదల ఉంటే శరీరబాధ తొలగిపోతుందని అతని జీవితం చెప్పదు. బాధ ఉండగానే చేయగలిగినంత చేయడమే పట్టుదల అని చెబుతుంది. పది విజేతృత్వాలు సాధించాలని అతడు సంకల్పించుకొన్నాడు. 2024 జూలైలో పదవది లభించింది. 2025 జనవరిలో పోటీ మధ్యలో వైదొలగి, 17వ తేదీన విరమణ ప్రకటించాడు. అదే సంవత్సరం తన గురువు స్థానంలో ఇసెగహామా గురుకులాధిపతి అయ్యాడు.

సుమోలో నేలను తాకినవాడు ఓడినట్లే. కాని జీవితమనే వలయంలో ఆ నియమం వర్తించదు. అక్కడ నేలను తాకినవాడు కాక, తాకి లేవనివాడే ఓడినవాడు. విరమణకు అనుమతి కోరి పలుమార్లు నిలిచిన గురువు ఎదుటి స్థానం నేడు తెరునోఫుజిదే. రేపు గాయపడిన శిష్యుడెవరైనా అతని ఎదుట తలవంచి నిలిస్తే, ఏమి చెప్పాలో అతనికి తెలుసు.

కఠినపదాలకు అర్థాలు

మల్లుడు : కుస్తీ పట్టేవాడు, వస్తాదు
విభక్తులై : విభజింపబడినవారై
స్థానభ్రంశం : ఉన్న స్థానంనుంచి జారిపోవడం
అధిష్ఠించు : ఎక్కి కూర్చొను, పొందు
విజేతృత్వం : విజేతగా నిలవడం
హర్షధ్వానాలు : సంతోషంతో చేసే కేకలు
పునరాగమనం : తిరిగి రావడం

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. తెరునోఫుజి పతనాన్ని, పునరుత్థానాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. సుమో గురుకులంలో పైశ్రేణులవారికీ క్రిందిశ్రేణులవారికీ గల భేదాలను తెలపండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. విరమణ కోరిన శిష్యునికి గురువు ఇచ్చిన సలహాలోని వివేకం ఏమిటి?
2. 'బన్జుకె' అంటే ఏమిటి? యోకొజునకు గల ప్రత్యేకత ఏమిటి?
3. పునరాగమనంలో తెరునోఫుజి తన పద్ధతిని ఎందుకు మార్చుకొన్నాడు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తెరునోఫుజి ఎక్కడ జన్మించాడు?
2. 'ఫుదోషిన్' అనగా ఏమి?
3. తెరునోఫుజి ఎన్నవ యోకొజున?