రాక్‌డేల్ నేతగాండ్రు నేర్పిన పాఠము



చరిత్ర యనగానే మనకు రాజులు, యుద్ధములు జ్ఞప్తికి వచ్చును. కాని మజూరి చాలక, పిల్లలకు కడుపునిండ పెట్టలేక బాధపడిన నేతగాండ్రు కొందరు వారమునకు రెండేసి పెన్నీలు కూడబెట్టి, ప్రపంచమునకే ఒక త్రోవ చూపిరి. ఈ మాసపు పాఠమునకు వారి కథనే ఎన్నుకొంటిని. మన సహకార సంఘములకు పెద్దలు వారే. వారి గెలుపునే గాక, వారికి తగిలిన దెబ్బలను కూడ తెలిసికొనుట మనకు మేలు.

1. ఆనాటి స్థితి

ఇంగ్లండు దేశమున, ఆనాడు లాంకషైరులో నుండిన రాక్‌డేల్ అను పట్టణము మాంచెస్టరుకు ఉత్తరముగా కలదు. ఫ్లానెల్ అను ఉన్నిబట్టకు అది పేరుపొందినది. లాంకషైరు పేరు మన తాతలకు చేదు. అక్కడి మిల్లుబట్ట ఓడలమీద వచ్చి పడి మన మగ్గములను మూలకు చేర్చెను. అయితే ఆ మరమగ్గము మొట్టమొదట లాగికొన్నది అక్కడి చేనేతవారి నోటికూటినే యని మనలో చాలమందికి తెలియదు. ఇంటిమగ్గమునకు పని తగ్గెను; మజూరి పడిపోయెను. 1840 మొదలు వచ్చిన ఆ పదియేండ్లను ఆ దేశమువారు నేటికిని ‘ఆకలి నలుబదులు’ అని చెప్పుకొందురు.

మజూరి తగ్గుట ఒక బాధ. వచ్చిన మజూరికి మంచి సరుకు దొరకకుండుట రెండవ బాధ. అంగడివాడు అరువిచ్చును. అరువు పడినవాడు ఇంకొక అంగడికి పోలేడు. పిండిలో సుద్ద, పటిక కలిసినను అడుగలేడు. కొన్ని తావుల యజమానులు కూలికి మారుగా తమ దుకాణపు సరుకే ఇచ్చుచుండిరి. నూలిచ్చి బట్ట తీసికొను షావుకారు ఖాతాలో మన పెద్దలు ఎట్లు చిక్కుకొనిరో ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

2. మునిగిన మొదటి అంగడి

రాక్‌డేల్ వారు ఒక్కసారిగా గెలువలేదు. 1833లో అదే పట్టణమున, టోడ్ లేన్ అను వీధిలో సహకారులు ఒక అంగడి పెట్టిరి. రెండేండ్లకే 1835లో అది మూతబడెను. కారణము అరువు. సభ్యుడే గదాయని ఇచ్చిరి. తన అంగడియే గదాయని అతడు కట్టలేదు. తరువాత మజూరి పెంచుమని మిల్లు యజమానులతో చేసిన పోరాటము కూడ ఫలింపలేదు. రెండు విధముల ఓడినవారే మూడవసారి కూర్చుండి ఆలోచించిరి. ఈ సంగతి మనము మరువరాదు.

3. ఇరువది ఎనిమిది పౌన్ల మూలధనము

1844లో ‘రాక్‌డేల్ ఈక్విటబుల్ పయనీర్సు’ అను సంఘము ఏర్పడెను. మొదటివారు 28 మంది యని వాడుక. అందరును నేతగాండ్రు కారు. ఛార్లెస్ హోవర్త్ పడుగు పోయువాడు. జేమ్సు స్మితీస్ ఉన్ని వేరుచేయువాడు. జేమ్సు డాలీ వడ్రంగి. విలియం కూపర్, శామ్యూల్ ఆష్‌వర్త్ అనువారు ఫ్లానెల్ నేతగాండ్రు. ఒక్కొక్క వాటా ఒక పౌను. వారమునకు 2 పెన్నీల చొప్పున కట్టవలెనని పెట్టుకొనిరి. పౌనునకు అప్పుడు 240 పెన్నీలు. అనగా ఒక వాటా పూర్తియగుటకు 120 వారములు పట్టును! అంతకాలము ఆగలేక వారమునకు 3 పెన్నీలు చేసిరి.

తుదకు 28 పౌన్లు చేరెను. టోడ్ లేన్‌లో 31వ నెంబరు గిడ్డంగి క్రింది భాగమును ఏడాదికి 10 పౌన్ల బాడుగకు తీసికొనిరి. 1844 డిశంబరు 21వ తేదీ శనివారము రాత్రి తలుపు తెరచిరి. లోపలనున్న సరుకెంత? ఇంచుమించు 13 కిలోల వెన్న, 25 కిలోల పంచదార, 300 కిలోల గోధుమపిండి, ఒక బస్తా ఓటుపిండి, కొన్ని కొవ్వొత్తులు. అంతే. వీధిలో చేరిన మిల్లుపిల్లలు చూచి నవ్విరి. 19 ఏండ్ల ఆష్‌వర్త్ సరుకు తూచి ఇచ్చుచుండెను. కూపర్ డబ్బు లెక్క చూచుచుండెను. పగలంతయు పని చేసికొని సాయంకాలములందే అంగడి నడపిరి.

4. వారి కట్టుబాట్లు

డబ్బుతో వారు గెలువలేదు, కట్టుబాటుతో గెలిచిరి. ముఖ్యమైనవి ఇవి:

(అ) రొక్కమునకే అమ్మకము. ఎవరికిని అరువు లేదు.
(ఆ) కల్తీ లేని సరుకు, సరియైన తూకము.
(ఇ) ఎన్ని వాటాలున్నను మనిషికి ఒకటే ఓటు. స్త్రీలకును సభ్యత్వము, ఓటు కలవు. పార్లమెంటు ఎన్నికలలో ఆ దేశపు స్త్రీలకు ఓటు వచ్చుట 1918లో మాత్రమే.
(ఈ) మూలధనమునకు పరిమితమైన వడ్డీ. మిగులును కొనుగోలును బట్టి పంచుట.
(ఉ) మతము, రాజకీయ పక్షము అడుగకుండ చేర్చుకొనుట.
(ఊ) విద్య. కొంతకాలమునకు మిగులులో నూటికి 2½ పాళ్ళు చదువునకు తీసిపెట్టి, గ్రంథాలయము నడపిరి.

మరుసటి యేడు 1845లో సభ్యులు 74 మంది. 1850లో 600 మంది. 1860 నాటికి 3,450 మంది. 1863లో ఆ ప్రాంతపు సంఘములు పెక్కు కలిసి టోకు వర్తక సంఘము పెట్టుకొనెను. 1895లో అంతర్జాతీయ సహకార సమాఖ్య లండనులో ఏర్పడెను. మన దేశమున మొదటి సహకార చట్టము 1904లో వచ్చెను. పిల్లలు నవ్విన ఆ అంగడి యింటినే 1931లో ప్రదర్శనశాలగా చేసిరి.

5. ఒక హెచ్చరిక

1854లో రాక్‌డేల్ వారు బట్ట తయారుచేయు సంఘమును కూడ పెట్టిరి. లాభములో వాటాదారునకే గాక, పనిచేయువానికి కూడ భాగమీయవలెనని నియమము. సంఘము పెరిగెను. లాభము చూచి క్రొత్త వాటాదారులు చేరిరి. 1862లో వారే ఎక్కువై, పనివాని భాగమును తీసివేసిరి. బయటి శత్రువు ఎవరును రాలేదు. సంఘము ఎందుకు పుట్టినదో తెలియనివారు లోపల నిండిరి, అంతే. చదువునకు సొమ్ము తీయుట ఎందుకని అడుగువారికి ఇదియే జవాబు.

6. మా సంఘపు సంగతి

ఇతరుల కథ చెప్పి నా తప్పు దాచుట న్యాయము కాదు. కొన్నియేండ్ల క్రిందట దసరాకు ముందు నా దగ్గర చుట్టమొకరు నూలు డిపోకు వచ్చి, “బావా, పండగ వెళ్ళగానే కట్టేస్తాను” అనెను. కార్యదర్శినైన నేనే నియమము తప్పి వ్రాసి ఇచ్చితిని. అది చూచి మరి నలుగురు అడిగిరి. ఒకరికిచ్చి ఒకరికి లేదనుటకు నోరు రాలేదు. సంక్రాంతి నాటికి సంఘపు సొమ్మంతయు ఖాతాలలో చిక్కుకొని, డిపోలో చిలప నూలు లేకపోయెను. ఎన్నడును బాకీ పడని సభ్యురాలొకామె వచ్చి, “కట్టినోళ్ళ మగ్గం ఆగిపోయింది, కట్టనోళ్ళ మగ్గం ఆడుతోంది. ఇదెక్కడి న్యాయం అన్నా?” అని అడిగినది. నా దగ్గర జవాబు లేదు.

ఆ యేటి సర్వసభ్య సమావేశములో బాకీల పట్టిక చదివితిని. మొదట నా తప్పు, పిదప నా చుట్టము పేరు. బాకీ సగమే వసూలైనది. ఆ చుట్టము నేటికిని నాతో మాటలాడడు. కాని ఆనాటినుండి డిపోలో అరువు లేదు, నూలు ఆగలేదు.

శోలాపురములో నున్నను, బరంపురములో నున్నను, యానాములో నున్నను మనము పొట్ట చేతబట్టుకొని ఊరు దాటినవారి సంతానము. మనకు సిఫారసు లేదు, పెద్ద మూలధనము లేదు. 28 పౌన్లవారికి నున్న వస్తువొకటి మాత్రము మనకు దొరకును. అది కట్టుబాటు. దానిని ఎవరును అప్పు ఈయరు, మనమే నేసికొనవలెను.

సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. మొదటి అంగడి ఎందుకు మూతబడెను? మన సంఘములో ఆ తెగులు ఎక్కడ నున్నది?
2. మనిషికి ఒకటే ఓటు అనుటవలన బీద సభ్యునకు కలుగు బలమేమి?
3. 1862లో జరిగినది మన సంఘములో జరుగకుండ ఏమి చేయవలెను?
4. మన ఆడవారు ఆసు పోయుదురు, కండెలు చుట్టుదురు. వారిలో ఎందరు సభ్యులుగా నున్నారు?

ఈ నాలుగు ప్రశ్నలను ఇంట పిల్లలచేత చదివించి వినుడు.