చలికాలమున ఉత్తరదేశమునకు పాత లారీ: ప్రయాణ సన్నాహము

గండికోట పరిసరములనుండియు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండియు చీనీకాయలును అరటియు చలికాలమున ఉత్తరదేశపు మార్కెట్లకు పోవుట మన సభ్యులకు తెలిసిన విషయమే. 2020వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అనంతపురమునుండి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరినది. అయినను తోట గట్టుననే సరుకు నెత్తుకొని, కొనువాని అంగడి ముందఱనే దింపగలిగినది లారీ యొక్కటియే. మన సభ్యులలో కొందఱకు సొంత లారీలు కలవు. అవి తఱచుగా రెండవచేత కొన్నవి, ఎనిమిది పది యేండ్లు నడచినవి. అట్టి పాత లారీని డిసెంబరు, జనవరి మాసములలో దూరదేశమునకు నడపదలచినవారు ఇంటివద్దనే చేసికొనవలసిన సన్నాహమును గూర్చి యీ పాఠమున వివరించెదము.

త్రోవ యెట్టిదో మొదట మనస్సున నుంచుకొనవలెను. జమ్మలమడుగునుండి తాడిపత్రి, గుత్తి చేరి, అచ్చట 44వ నంబరు జాతీయ రహదారి నెక్కినచో కర్నూలు, హైదరాబాదు, ఆదిలాబాదు, నాగపూరు, సాగరు, ఝాన్సీ, గ్వాలియరు, ఆగ్రాల మీదుగా ఢిల్లీకి సుమారు 2000 కిలోమీటర్లు. బయలుదేరిన మధ్యాహ్నము మనకు 30 డిగ్రీల యెండ యుండును. నాగపూరు దాటి సాత్పురా కొండలెక్కునప్పటికి రాత్రి దుప్పటి కావలెను. చంబలు నది దాటిన పిమ్మట మంచు కమ్మును. 2021 జనవరి 1వ తేదీన ఢిల్లీలో 1.1 డిగ్రీల చలి నమోదైనది.

ఉత్తరదేశపు చలి లారీని పాడుచేయునని మనవారి అభిప్రాయము. అది పూర్తిగా నిజము కాదు. లారీలో ముందే యున్న లోపములను మన యెండ కప్పిపుచ్చుచుండును, అచ్చటి చలి బయట పెట్టును. బలహీనమైన బ్యాటరీ మన యూర ఏడాదంతయు పనిచేయును. పొగగొట్టము బీటవాఱినను అద్దములు తెఱచియుండుటచే డ్రైవరుకు తెలియదు. గట్టిపడిన రబ్బరు గొట్టములు వేడికి మెత్తబడి కారకుండును. ఇవన్నియు ఒక్క రాత్రిలో బయటపడినచో పరదేశమున, భాష తెలియని షెడ్డులో, కుళ్ళిపోవు సరుకుతో నిలువవలసివచ్చును. ఎద్దులబండి కట్టి తిరుణాళ్ళకు పోవువాడు కందెన వేసికొని, శీలలు చూచికొని, పట్టా బిగియించుకొని గాని కదలడు. 1652వ సంవత్సరమున గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను చూచిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, వేలకొలది పెరికెద్దులతో ధాన్యము, ఉప్పు మోసికొనిపోవు బిడారులను గూర్చి వ్రాసినాడు. వారు ఎద్దునకు వచ్చిన పుండును నడుమదారిలో కనుగొనువారు కారు.

ఖర్చు పెట్టకమునుపు లారీ పోవచ్చునో లేదో విచారింపవలెను. ఎనిమిదేండ్లు దాటిన సరుకు లారీకి ఫిట్నెసు పత్రము ఏటేట తీసికొనవలెను. రెండిరుసుల లారీకి పండ్రెండేండ్లు, బహు ఇరుసుల లారీకి పదునైదేండ్లు దాటినచో జాతీయ పర్మిట్టు ఇయ్యరు. ఢిల్లీ విషయము మఱింత కఠినము. ఢిల్లీలో రిజిష్టరు కాని డీజిలు సరుకు లారీలలో బి.ఎస్. 6 ప్రమాణమునకు తక్కువైనవి 2025 నవంబరు 1వ తేదీనుండి నగరమున ప్రవేశింపరాదని వాయుగుణ నిర్వహణ సంఘము ఉత్తరువు చేసి, బి.ఎస్. 4 లారీలకు మాత్రము 2026 అక్టోబరు 31వ తేదీ వఱకు గడువిచ్చినది. దేశమంతట బి.ఎస్. 4 ప్రమాణము 2017 ఏప్రిలు 1నను, బి.ఎస్. 6 ప్రమాణము 2020 ఏప్రిలు 1నను అమలునకు వచ్చినవి. మీ లారీ యేదియో రిజిస్ట్రేషను పత్రమున చూచికొనుడు. ప్రవేశము లేని లారీ గలవారు నాగపూరు, ఝాన్సీ, గ్వాలియరు మార్కెట్లతో మాటలాడుకొనుటయో, ఢిల్లీ పొలిమేరకు ముందే సరుకును వేఱొక లారీకి మార్చు నేర్పాటు చేసికొనుటయో మేలు. ఈ యుత్తరువులు మాటిమాటికి మాఱుచుండును గనుక బయలుదేరు వారమున మఱల విచారింపవలెను.

ఇక లారీ సంగతి. బ్యాటరీతో ప్రారంభింతము. లారీకి 24 వోల్టుల కొఱకు 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపియుందురు. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీలో ద్రావకపు సాంద్రత హైడ్రోమీటరున 1.26 మొదలు 1.28 వఱకు చూపును. 1.20 చూపినచో సగము ఖాళీ అయినట్లు. ఆరు గదులలో ఏ యొక్కటియైనను తక్కినవానికంటె 0.05 తక్కువ చూపినచో ఆ బ్యాటరీని నమ్మి బయలుదేరరాదు. రెంటిలో నొకటి క్రొత్తది, ఒకటి పాతది వేయుట మనవారి యలవాటు. అది పొదుపు కాదు. పాతది క్రొత్తదానిని కూడ లాగివేయును. సున్న డిగ్రీల చలిలో మంచి బ్యాటరీయే తన సత్తువలో సుమారు అయిదవవంతు కోల్పోవును. అదే సమయమున ఇంజను నూనె చిక్కబడి సెల్ఫుపై భారము పెరుగును. కాబట్టి ఒక పరీక్ష చెప్పెదము. మన యూరిలో తెల్లవాఱుజామున, రాత్రియంతయు బయట నిలిపిన లారీని ఒక్క సెల్ఫుతో స్టార్టు చేయుడు. మొదటి తూరి అందుకొనని ఇంజను గ్వాలియరులో నాలుగవ తూరికైనను అందుకొనునని ఆశింపరాదు. బ్యాటరీ, సెల్ఫు, నాజిళ్ళు, గాలి ఫిల్టరు ఈ నాలుగింటిలో దోషమెచ్చటనో అప్పుడే కనుగొనవలెను. బ్యాటరీ మొనలపై పూచిన తెల్లని బూజును వేడినీటితో కడిగి, వాసలీను పూసి బిగించుట పది నిమిషముల పని. సగము ఫిర్యాదులు దానితోనే తీరును.

నీటి విషయమున మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మన బోరునీరు ఉప్పునీరు, సున్నపునీరు. దానిని రేడియేటరులో పోసిన యేండ్లకొలది గొట్టములలో గార పట్టి, ఎండకాలమున ఇంజను కాగిపోవును. అప్పుడు మేస్త్రీ ఏమి చేయును? థర్మోస్టాటు వాల్వును తీసి మూలకు పాఱవైచును. మన యెండలలో ఇది చెల్లుబాటగును. చలిదేశమున వాల్వు లేని ఇంజను గంటలకొలది నడచినను తగిన వేడికి రాదు. డీజిలు ఎక్కువ త్రాగును, తెల్లపొగ విడుచును, కాలని డీజిలు నూనెలోనికి దిగి దానిని పలుచన చేయును. కనుక రేడియేటరు కడిగించి, వాల్వును మఱల పెట్టించి, మంచి కూలెంటును శుద్ధజలముతో కలిపి పోయవలెను. సగము కూలెంటు, సగము నీరు చాలును. అట్టి మిశ్రమము సున్నకు క్రింద ముప్పది డిగ్రీలు దాటినను గడ్డకట్టదు. ఢిల్లీ వఱకు పోవువారికి గడ్డకట్టు భయము లేకున్నను, తుప్పును గారను ఆపుటకది కావలెను. జమ్మూ దాటి శ్రీనగరు వైపు పోవు బేరము వచ్చినచో తప్పనిసరి. గొట్టములను చేతితో పిసికి చూడుడు. గట్టిపడి పగుళ్ళు చూపినవానిని మార్చి, ఒక ఫ్యాను బెల్టును, రెండు గొట్టములను, క్లిప్పులను సీటుక్రింద నుంచుకొనుడు.

డీజిలునకు చలికాలపు గుణము వేఱు. చలికి అందులోని మైనము పేరుకొని ఫిల్టరును మూసివేయును. అందుచేత ఐ.ఎస్. 1460 ప్రమాణము ప్రకారము, డీజిలు ఫిల్టరున దిగకుండ ఆగిపోవు ఉష్ణము చలికాలమున 6 డిగ్రీలకు, వేసవిలో 18 డిగ్రీలకు మించరాదు. అనగా వేసవిలో కొని పీపాలో నిలువచేసిన డీజిలు ఉత్తరదేశపు రాత్రికి పనికిరాదు. దానిని ట్రాక్టరునకు వాడుకొనుడు. లారీకి దారిలో నింపించుకొనుచు, ఝాన్సీ చేరునప్పటికి ట్యాంకులో నుండునది అచ్చటి డీజిలే యగునట్లు చూచుకొనవలెను. రాత్రి నిలుపునప్పుడు ట్యాంకు నిండుగా నుండినచో లోపలి గాలి చెమర్చి నీరు చేరుట తగ్గును. ఫిల్టరు గిన్నెలోని నీటిని ప్రతి యుదయము వదలవలెను. కిరసనాయిలు కలుపుట చట్టవిరుద్ధము, పంపునకు చేటు. ట్యాంకు క్రింద పాతగుడ్డలు మండించి డీజిలు కాచు డ్రైవర్లను చూచియుందురు. అది లారీని, సరుకును, ఒక్కొక్కప్పుడు మనిషినికూడ తగులబెట్టు పని.

ఇప్పుడు చెప్పబోవు విషయము అన్నిటికంటె ముఖ్యము. పాత లారీలో ఇంజనునుండి పొగగొట్టము మొదలగుచోట గాస్కెట్టు కాలి పొగ కారుట సామాన్యము. మనము ఏడాది పొడవున అద్దములు దించుకొని పోవుదుము గనుక ఆ పొగ గాలికి కొట్టుకొనిపోవును. చలిదేశమున అద్దములు బిగించి, దుప్పటి కప్పుకొని నడుపుదురు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, వాంతి అనిపించును. డ్రైవరు దానిని నిద్రలేమి అనుకొని బీడీ వెలిగించును. ఇంజను నడుచుచుండగా క్యాబినులో పడుకొన్నవారు లేవకుండుటకు కారణమిదియే. బొగ్గుల కుంపటి లోపల నుంచుకొని తలుపులు మూసికొనినను అదే వాయువు పుట్టును. ఉత్తరదేశమున ప్రతి చలికాలమున అట్టి చావులు జరుగుచున్నవి. గావున బయలుదేరుటకు ముందు చల్లని ఇంజనుపై దీపము పట్టి మసి చారలకై వెదకుడు. చార యున్నచోట పొగ కారుచున్నదన్నమాట. గాస్కెట్టు మార్చి, సైలెన్సరు అతుకులు బిగింపుడు. క్యాబిను అడుగురేకునందలి తుప్పు కంతలను, గేరుకఱ్ఱ చుట్టునుండు చినిగిన రబ్బరును, పెడళ్ళ సందులను మూయింపుడు. రంగులు, కుచ్చులు, క్రొత్త హారను వీటికి సొమ్మున్న సభ్యుడు ముందీపని చేయించి పిమ్మట వానిని చూచుకొనవచ్చును. నిద్రించునప్పుడు ఇంజను ఆపి, అద్దము రెండు వ్రేళ్ళు తెఱచి, కంబళ్ళు రెండు కప్పుకొనుటయే క్షేమము.

టైర్లకు గాలి మన మధ్యాహ్నపు వేడిలో పట్టించి అంతటితో మఱచుట తగదు. 30 డిగ్రీలలో 100 పౌండ్లు పట్టిన టైరు 8 డిగ్రీల చలిలో సుమారు 92 పౌండ్లకు దిగును. గాలి తక్కువైన టైరు పక్కలు నలిగి, బరువుతో పరుగెత్తునప్పుడు లోపలనే కాగి పగులును. ప్రతి యుదయము కదలకమునుపే కొలిచి పట్టించుకొనవలెను. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. పాతబడినవానిని ముందఱి చక్రములకు వేయరాదు. స్టెప్నీ కూడ నడువదగినదై యుండవలెను గాని పేరునకుండరాదు.

బ్రేకుల గాలిట్యాంకులో చెమ్మ చేరును. ప్రతిదినము క్రిందికొళాయి తిప్పి నీటిని వదలినచో చాలును. బ్రేకు పట్టీలను చూపించి బిగించుకొన్న పిమ్మట, బరువెక్కించి తెల్లవాఱుజామున జమ్మలమడుగునుండి గండికోటకు ఎక్కి దిగుడు. ఎక్కునప్పుడు ఇంజను వేడియు, దిగునప్పుడు బ్రేకులును, గతుకులలో కమాను పట్టీలును తమ సంగతి చెప్పును. ముప్పది కిలోమీటర్ల లోపు రాకపోకలలో తెలియని లోపము చాల తక్కువ.

మంచు మాట మిగిలినది. కన్ను ఆనునది 50 మీటర్లకు లోబడినచో వాతావరణశాఖవారు దానిని అతి దట్టమైన పొగమంచు అందురు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు లారీ ఆ 50 మీటర్లను నాలుగున్నర సెకండ్లలో దాటును. బరువుతోనున్న పాత లారీని అంతలో నిలుపుట దుర్లభము. కావున ముందఱిదీపముల అద్దములు మాసియుండిన మార్పింపుడు. దీపములు తగ్గించి వేయవలెను. పెద్దదీపము మంచుపై బడి డ్రైవరు కంటికే తిరిగివచ్చును. వెనుక ఎఱ్ఱని, ముందఱ తెల్లని, పక్కల పసుపుపచ్చని మెఱయు టేపులు దుమ్ము లేకుండ నుండవలెను. ఎండకు బిఱుసెక్కిన వైపరు రబ్బర్లను తీసివేయుడు. త్రోవ కనబడనప్పుడు రహదారిపై నిలుపుట నడుపుటకంటె అపాయకరము. పెట్రోలు బంకులోనికో, డాబా ఆవరణలోనికో పూర్తిగా దిగి, తొమ్మిది పది గంటలకు మంచు విడిచినదాక ఆగవలెను. ఆ ఆలస్యమును ముందే లెక్కించి కాయ కోయింపుడు. రెండు రాత్రుల ఆలస్యమును ఓర్వలేనంత పండిన కాయను ఎక్కించి డ్రైవరును తఱుముట ప్రాణముతో జూదమాడుటయే.

అరటి ఎక్కించువారికి మఱొకమాట. అరటికాయ 13 డిగ్రీలకంటె తక్కువ చలికి ఓర్వదు. తోలు గోధుమవన్నెకు తిరిగి నల్లబడును, పిమ్మట సరిగా పండదు. చీనీకాయ దానికంటె చాల ఓర్చును. కనుక అరటి లారీకి అడుగున, పక్కల వరిగడ్డి దట్టముగా పఱచి, పైన ఎండుటాకు వేసి, పట్టాలు రెండు కప్పవలెను. క్యాబిను వెనుకనుండి గాలి లోనికి చొఱబడు సందును ముఖ్యముగా మూయవలెను. తెలంగాణము దాటువఱకు పగటిపూట మాత్రము వెనుక పట్టా కొంచెమెత్తి కాయకు ఊపిరాడనీయవలెను.

తిరుగు ప్రయాణమున డ్రైవర్లు చేయు పొరపాటొకటి కలదు. చలికి రేడియేటరు ముందఱ కట్టిన గోనెపట్టాను విప్పుట మఱతురు. నాగపూరు దాటి మన యెండలోనికి వచ్చునప్పటికి ఇంజను కాగి, తప్పు వాల్వుదని తలచి దానిని మఱల తీసివేయుదురు. థర్మోస్టాటు సరిగా నున్న లారీకి ఆ గోనెపట్టాతో పని లేదు. కట్టియే యుండినచో పగలు రాగానే విప్పవలెను.